ముందు ఏ కాలేజీయో చెప్పండి

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పదో తరగతి బ్యాచ్ వాళ్ళం గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్లో కలుసుకున్నాం. 2005 మార్చిలో పరీక్షలు రాసినవాళ్ళం కాబట్టి ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. గుమ్మం దగ్గర ఫ్లెక్సీ, వేదిక మీద రిటైరైన మాస్టర్లకు శాలువాలు, జ్ఞాపికలు, మధ్యాహ్నం భోజనాలు, ఇలాంటి సమ్మేళనాలకు ఉండవలసిన హంగులన్నీ ఉన్నాయి. మైకు అందుకున్న ప్రతివారూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు. బతుకులో సంతోషంగా గడిచినవి హైస్కూలు రోజులేనట, కాలేజీ గానీ ఉద్యోగం గానీ వాటి కాలిగోటికి కూడా సరిపోవట. నేనూ చప్పట్లు కొట్టాను. నా వంతు వచ్చినప్పుడు మొహమాటానికి అదే మాట చెప్పి దిగిపోయాను.

మర్నాడు మా అక్క కొడుకు, ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాయబోతున్నవాడు, భోజనాల దగ్గర అడిగాడు. “మావయ్యా, కాలేజీ బాగుంటుందా, స్కూలే బాగుంటుందా?” ముందు రోజు మైకులో అంత గొంతు చించుకుని చెప్పిన మాట వాడి ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. అక్కడ నీళ్ళు నమిలినందుకు ఇక్కడ ఇంత పొడుగు రాస్తున్నాను.

నా మట్టుకు నాకు హైస్కూలు కన్నా కాలేజీయే బాగుంది, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కాకపోతే నేను చెబుతున్న కాలేజీ వేరు, వాడు జూన్‌లో చేరబోతున్న కాలేజీ వేరు. చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది.

పక్కనున్న తమిళనాడులో పదకొండు, పన్నెండు తరగతులు ప్లస్ టూ పేరుతో హయ్యర్ సెకండరీ స్కూల్లోనే నడుస్తాయి. సీబీఎస్‌ఈ వాళ్ళకూ అంతే, పన్నెండో తరగతి పూర్తయ్యేదాకా వాడు స్కూలు పిల్లవాడే. మన దగ్గర పూర్వం పీయూసీ, అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు, కాలేజీల్లో ఉండేది, 1969-70లో దాని చోటికి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికి ఒక బోర్డు కూడా ఏర్పడింది, కాలేజీ అన్న పేరు మాత్రం అలాగే అంటుకుని ఉండిపోయింది. అందువల్ల మన పిల్లవాడు పదిహేనేళ్ళ వయసులో, మీసం కూడా సరిగా రాకముందే, వేసవి సెలవులు గడిచేసరికి కాలేజీ కుర్రాడు అయిపోతాడు. పేరు పెద్దది, పెత్తనం మాత్రం ఒకటో తరగతి పిల్లవాడికి ఉన్నంత కూడా ఉండదు. “కాలేజీ లైఫ్” అనే మాట విని వాడు ఊహించుకునేది ఒకటి, మనం తీసుకెళ్ళి దింపేది మరొకటి.

ముందుగా హైస్కూలు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి, ఎందుకంటే వేదికల మీద ఎవరూ చెప్పడం లేదు. మాది మున్సిపల్ హైస్కూలు. లెక్కల మాస్టారు తొడపాశం పెడితే రెండు రోజులు నల్లగా కమిలి ఉండేది. గోడకుర్చీ వేయించి, ఒళ్ళో నోటుపుస్తకాల దొంతర పెట్టి, అది జారిపడితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టించేవారు. మొన్న ఆయనకు శాలువా కప్పినవాడు ఎవరో కాదు, మా అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నవాడే. వాడు నిజంగానే ప్రేమగా కప్పాడు, ఆయన కళ్ళూ చెమర్చాయి, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ “ఆ దెబ్బల వల్లే ఇంతవాళ్ళమయ్యాం” అని మైకులో అన్నప్పుడు హాలంతా ఈలలు వేసింది చూశారూ, అక్కడ నాకు ఒళ్ళు మండింది. దెబ్బలకు తాళలేక ఎనిమిదిలోనే బడి మానేసిన ఇద్దరు ఆ హాల్లో లేరు కదా, వాళ్ళు ఎంతవాళ్ళయ్యారో ఎవరు చెప్పాలి? పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. అది అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్‌లో, అంటే మేము పది దాటిన ఐదేళ్ళకు.

భోజనాల దగ్గర మా క్లాసు అమ్మాయి ఒకామె చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. స్కూల్లో మరుగుదొడ్లు వాడే వీలు లేకపోవడంతో, పొద్దున ఇంట్లో తాగిన గ్లాసు నీళ్ళు తప్ప సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా గొంతు తడుపుకోకుండా ఐదేళ్ళు గడిపారట. ఒకే గదిలో పక్క వరుసలో కూర్చున్న మాకు ఆ ముక్క ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. బంగారు రోజులు అనే ముందు ఎవరికి బంగారమో కాస్త అడగవలసింది.

అయినా హైస్కూల్లో ఒకటి ఉండేది, దాన్ని నేను కాదనను. మా బెంచీ మీద నలుగురం కూర్చునేవాళ్ళం. ఒకడి తండ్రి మిర్చి యార్డులో హమాలీ, ఒకడి తండ్రి బ్యాంకులో గుమాస్తా, ఒకడిది టైలరింగ్ షాపు, మా నాన్నగారు కోఆపరేటివ్ సొసైటీలో పనిచేసేవారు. ఆ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టింది ఎత్తు మాత్రమే, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే ఆ ఘాటుకు ముందు మొదటి వరుసలో ఒకడు తుమ్మేవాడు, ఆ తర్వాత క్లాసు క్లాసంతా అందుకునేది, చివరికి మాస్టారు కూడా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్మి, “పొండిరా, పోయి గ్రౌండులో ఆడుకోండి” అనేవారు. మాకు గ్రౌండు ఉండేది. ఆ సంగతి ఇప్పుడు గొప్పగా చెప్పుకోవలసి వస్తోంది.

ఇంటర్ గురించి ఎక్కువ రాయను, రాయడానికి అక్కడ జరిగింది కూడా ఎక్కువేమీ లేదు. విజయవాడలో, ఏలూరు రోడ్డు వైపు ఊరి చివర, అపార్టుమెంటులా కట్టిన ఒక బిల్డింగులో కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగించి దానికి క్యాంపస్ అని పేరు పెట్టారు. పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు ఇంకో స్టడీ అవర్ ముగింపు, ఆదివారం పరీక్ష, మంగళవారానికి మార్కులు, ఆ మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం. ఈ వారం పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు వచ్చే వారం మరో అంతస్తుకు వెళ్ళిపోయేవాడు. నెలకొకసారి అమ్మ గుంటూరు నుంచి బస్సెక్కి క్యారేజీలో గోంగూర, పప్పుచారు తెస్తే, మెట్ల మీద కూర్చుని నేను తింటుంటే ఆవిడ గోడకు అంటించిన ర్యాంకుల కాగితంలో నా పేరు వెతుక్కునేది. కనకదుర్గమ్మ కొండా, ప్రకాశం బ్యారేజీ పట్టుమని పదిహేను కిలోమీటర్ల దూరంలో లేవు. రెండేళ్ళలో వాటిని నేను చూసింది దసరాకు, సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచే.

అక్కడ నాకు తెలుగు కూడా పోయింది. మార్కులు బాగా వస్తాయని రెండో భాషగా అందరికీ సంస్కృతం రాయించారు. అంతవరకూ ఆ భాషలో అక్షరం ముక్క రాని నాకు అందులో తొంభై దాటి వచ్చాయి, ఇవాళ ఒక్క వాక్యం తప్పుల్లేకుండా చెప్పమంటే చేతులెత్తేస్తాను. వెయ్యికి తొమ్మిది వందల పైచిలుకు మార్కులు, ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు గోళాలు దిద్దే నేర్పు, కళ్ళద్దాలు, ఇవీ నేను బయటికి తెచ్చుకున్నవి. కొంతమంది పిల్లలు అసలు బయటికే రాలేదు. ఆ చావుల మీద ప్రభుత్వం 2017లో ఆచార్య చక్రపాణి కమిటీని వేసింది, నివేదిక వచ్చింది, గ్రిల్స్ మాత్రం అలాగే ఉన్నాయి. ఇటువంటి రెండేళ్ళకు కాలేజీ అన్న పేరు ఉన్నంతకాలం “కాలేజీ బాగుంటుందా” అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు.

ఇక నేను కాలేజీ అని ఒప్పుకునే కాలేజీ. 2007లో గుంటూరు, విజయవాడల మధ్య హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. మొదటి వారంలోనే ఒకరోజు క్లాసు మధ్యలో లేచి, చిటికెన వేలు చూపించి, “సార్, వెళ్ళొచ్చా?” అని అడిగాను. పాఠం చెబుతున్న ఆయన ఆగి, నన్ను వింతగా చూసి, “దానికి నన్నెందుకయ్యా అడగడం, చప్పుడు చేయకుండా వెళ్ళి వచ్చెయ్” అన్నారు. క్లాసు నవ్వింది. వరండాలో నడుస్తుంటే నా వెనక వార్డెన్ లేడు, గోడ మీద ర్యాంకుల కాగితం లేదు, చెట్టు కింద ఎవరో కుర్రాళ్ళు క్లాసు ఎగ్గొట్టి కబుర్లాడుకుంటున్నారు, ఎవరూ వాళ్ళను తరమడం లేదు. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. కాలేజీ అంటే సినిమాలు, బైకులు, ప్రేమలు అని అందరూ అంటారు గానీ, నాకు దక్కిన సంతోషం అడగకుండా లేచి బయటికి నడవగలగడం, అంతే. హైస్కూల్లో అది లేదు, ఇంటర్‌లో అసలే లేదు.

ఆ తర్వాతవన్నీ దాని పిల్లలే. మధ్యాహ్నం ల్యాబ్ లేని రోజుల్లో గుంటూరు వైపు వెళ్ళే బస్సు మానేసి విజయవాడ బస్సెక్కి, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు తిరగేసి, ఏలూరు రోడ్డు మీదుగా బీసెంట్ రోడ్డు దాకా నడిచి, పునుగులు తిని, పొద్దుపోయేవేళకు బ్యారేజీ మీద నిలబడి గేట్ల కింద నీళ్ళు చూసేవాడిని. రెండేళ్ళు పక్కనే ఉండి చూడని ఊరిని నేను అప్పుడు చూశాను. జనవరిలో, అప్పట్లో స్వరాజ్య మైదానంలో జరిగిన పుస్తక మహోత్సవంలో సిలబస్‌తో సంబంధం లేని తెలుగు పుస్తకం, అదీ నా జేబు డబ్బులతో, మొదటిసారి కొనుక్కున్నాను. సంస్కృతం పేరుతో పోగొట్టుకున్న తెలుగు నాకు అలా తిరిగి వచ్చింది.

కాలేజీలో అంతా పాలూ తేనే అని నేను అనడం లేదు. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచే ఉన్నా, పదేళ్ళ తర్వాత కూడా సీనియర్లు మా చేత చొక్కా మూడో గుండీ చూస్తూ మాట్లాడించారు, అందులో సరదా నాకైతే ఏనాడూ కనిపించలేదు. ఒకరి రికార్డు చూసి ఒకరం ఎక్కించుకోవడం, డెబ్బై ఐదు శాతం హాజరు చాలక కండోనేషన్ ఫీజు కట్టడం, నాలుగో ఏడు ప్లేస్‌మెంట్లు అనగానే మళ్ళీ గోడకు కాగితాలు అంటించడం, అన్నీ ఉన్నాయి. సగం పాఠాలు నిద్ర తెప్పించేవి. కానీ నిద్ర వస్తే పడుకునే స్వేచ్ఛ ఉండేది.

కాలేజీలో నాకు లోటుగా తోచింది మాత్రం ఒకటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని మా క్లాసులో కూలీల పిల్లలూ చదువుకున్నారు, కాబట్టి డబ్బున్నవాళ్ళ కాలేజీ అని అనలేను. అయినా అక్కడికి చేరినవాళ్ళందరం ఏదో ఒక జల్లెడలోంచి రాలి వచ్చినవాళ్ళమే. ఎత్తును బట్టి కూర్చోబెట్టిన బెంచీ మళ్ళీ దొరకలేదు. మొన్నటి సమ్మేళనంలో ఆ హమాలీ కొడుకు నా పక్కనే కూర్చున్నాడు. పది పాసయ్యాక తండ్రి నడుం పడిపోతే యార్డులోకి వెళ్ళి, ఇప్పుడు ఒక కమీషన్ కొట్లో కాటా దగ్గర పని చేస్తున్నాడు. మైకులో అందరూ స్కూలూ కాలేజీ పోల్చి మాట్లాడుతుంటే నా చెవి దగ్గరకు వంగి, “మీరు రెండూ తిన్నారు కాబట్టి రుచులు చెబుతున్నార్రా, నాకు స్కూలే ఉంది, అదే బాగుంది” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఆ తర్వాతే మైకు దగ్గరకు వెళ్ళాను, ఆ మాట విన్నాక వేదికెక్కి కాలేజీయే బాగుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా అక్క కొడుకు హైస్కూలు అయితే నా హైస్కూలు కూడా కాదు. వాడికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్, మూడంతస్తుల బిల్డింగు, పార్కింగ్ స్థలమే ఆటస్థలం. అంటే ఇంటర్ ఇప్పుడు కిందికి దిగి హైస్కూల్లో కూడా కాపురం పెట్టింది. ఇంక వాడు దేన్ని దేనితో పోల్చుకోవాలి? వాడిని ఎవరూ తొడపాశం పెట్టడం లేదు, వాడి స్కూల్లో మరుగుదొడ్లు మెరుస్తుంటాయి, ఆ మేరకు మాకన్నా అదృష్టవంతుడే. తుమ్ములకు సెలవిచ్చే మాస్టారు మాత్రం వాడికి లేరు.

చివరికి ఆ రోజు వాడికి చెప్పింది ఇదే: “కాలేజీ బాగుంటుంది, కాకపోతే నువ్వు ముందు రెండేళ్ళు ఇంకో స్కూలుకు వెళ్ళాలి, దాన్ని కాలేజీ అనుకుని మోసపోకు.” వాడు కాసేపు ఆలోచించి, “హాస్టల్లోకి బ్యాట్ తీసుకెళ్ళనిస్తారా?” అని అడిగాడు. మా అక్క వంటింట్లోంచి, “అక్కడికి వెళ్ళేది బ్యాట్ ఊపడానికా?” అంది. అడ్మిషన్‌కు అడ్వాన్సు ఇంకా కట్టలేదు, సోమవారం దాకా గడువుంది. బ్రాడీపేటలో వాళ్ళింటికి నడిచి వెళ్ళే దూరంలో, ఇంటి నుంచే వెళ్ళి చదువుకునే జూనియర్ కాలేజీలు రెండు చూసి పెట్టాను. రేపు బావగారు డ్యూటీ నుంచి వచ్చాక వెళ్ళి మాట్లాడతాను.