ఎడమచేతికి చెప్పొద్దన్నారు గానీ, తెరకు చెప్పొద్దనలేదు

మా చర్చి గుమ్మం పక్కన ఒక శిలాఫలకం ఉంది. కట్టడానికి చందాలిచ్చినవాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కారు. అప్పట్నుంచీ అదొక తలనొప్పి. కట్టడం అయిపోయాక ఇచ్చినవాళ్లకు అందులో చోటు లేదు. ఒకాయన పేరులో వొత్తు తప్పు పడింది. బతికినన్నాళ్లూ ఆయన గుమ్మం దగ్గరికి రాగానే తల పక్కకి తిప్పుకుని లోపలికి వెళ్లేవారు. పై నుంచి నాలుగో పేరు గలాయన సంఘంతో పోట్లాడి వేరే చర్చికి వెళ్లిపోయారు. పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

అందుకని పెద్దలు ఒక ఉపసంఘం వేశారు. పేర్లు ఎప్పటికప్పుడు మార్చుకోడానికి వీలైన ఫలకం ఏదో తేల్చమన్నారు. కన్వీనర్ని నేనే. మా నివేదికలోని ముఖ్యాంశాలు నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. పలకలో జరిపి పెట్టే పేరు పట్టీలున్నాయి, అయస్కాంతంతో అతుక్కునేవి ఉన్నాయి, ఇత్తడి ఆకుల చెట్టు ఉంది. ఈ చెట్టులో కొంచెం ఇస్తే ఆకు, ఇంకొంచెం ఇస్తే కొమ్మ దగ్గర పిట్ట, బాగా ఇస్తే మొదట్లో రాయి. ఏదెను తోటలో ఆకులు ఒళ్లు దాచుకోవడానికి వాడారు. ఈ చెట్టు ఆకులు ఏమీ దాచకుండా ఉండటానికి. చివరగా డిజిటల్ తెర. ఆఫీసుగదిలో కూర్చుని ఒక మీట నొక్కితే పేరు ఎక్కుతుంది, ఇంకో మీట నొక్కితే దిగుతుంది. ఆ రెండో మీట చూడగానే ఉపసంఘం ఏకగ్రీవంగా తెర వైపు మొగ్గింది.

వెంటనే ఒక పెద్దాయన మత్తయి సువార్త ఆరో అధ్యాయం తెరిచారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని అక్కడుంది కదా అన్నారు. ఉపసంఘం ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేదు. వాక్యాన్ని మాటమాటగా పరిశీలించాం. నిషేధం ఎడమచేతికి మాత్రమే. పక్క వరసలో కూర్చున్నవాడి ప్రస్తావన అందులో లేదు. తెరకైతే చేతులే లేవు. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని కూడా ఉంది. దాన్ని గౌరవిస్తూ తెర సెట్టింగుల్లో సౌండ్ ఆఫ్ చేయించాం.

అలా చేసేవాళ్లు తమ ఫలం అప్పుడే పొందేశారు అన్న మాట మరీ ఇబ్బంది పెట్టింది. అయితే అక్కడ వాడిన గ్రీకు క్రియ ఆ కాలంలో రసీదుల మీద రాసే మాటేనట, మనం ‘ముట్టింది’ అని రాసినట్టు. అంటే బాకీ చెల్లు, ఇక రావాల్సింది ఏమీ లేదు. చదివి కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోశాధికారి గొంతు సవరించుకుని, ‘అయితే మన తెర రసీదులాంటిదన్నమాట, ఆడిట్‌కి మంచిదే కదా’ అన్నారు. మినిట్స్‌లో అలాగే రాసుకున్నాం.

పేర్లు రాయించుకోవడం మనతో మొదలవలేదు. ఇజ్రాయెల్‌లో మెగిద్దో దగ్గర ఒక జైలు ఆవరణలో 2005లో తవ్వితే మూడో శతాబ్దపు క్రైస్తవ ప్రార్థనాశాల నేల బయటపడింది. రంగురాళ్లతో పరిచిన ఆ నేల మీద దాతల పేర్లున్నాయి. గైయానుస్ అనే రోమన్ సైన్యాధికారి నేల పని తన డబ్బుతో చేయించాడని ఒకచోట, అకెప్టూస్ అనే ఆవిడ బల్ల ఇచ్చిందని ఇంకోచోట. మన విశ్వాస చరిత్రలో ఇంత పాత ఆధారాలు చాలా తక్కువ. వాటిలోనే చందా లెక్క ఉండటం మాకు కొండంత అండ. ఒక్కటే లోపం. పేర్లు కాళ్ల కింద వేయించారు, వచ్చేపోయేవాళ్లంతా తొక్కుకుంటూ తిరగాలి. ఎత్తు గురించి అప్పటివాళ్లకు సరైన అవగాహన లేదు.

రోమ్ వాళ్లకు ఆ అవగాహన ఉంది. సెయింట్ పీటర్స్ బసిలికా ముఖభాగం మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా పెద్దపెద్ద అక్షరాలతో ఒక శాసనం ఉంది. అపొస్తలుల నాయకుడి గౌరవార్థం అని మొదలవుతుంది గానీ పేతురు పేరెక్కడా రాదు. సరిగ్గా నడిమధ్యన కనబడేది మాత్రం ఐదో పౌలు పోపు పేరు, దాని పక్కనే ఆయన ఇంటిపేరు బొర్గేసే. చివర్లో 1612 అని సంవత్సరం. నాలుగు వందల ఏళ్లుగా అదే స్లైడు నడుస్తోంది. రాయితో వచ్చే చిక్కే ఇది.

మారే తెరకు లేఖనాధారం కావాలంటే సంఖ్యాకాండం ఏడో అధ్యాయం చూడాలి. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు, రోజుకొకరు చొప్పున కానుకలు తెచ్చారు. మొదటిరోజు యూదా గోత్రపు నయస్సోను. 130 తులాల వెండి గిన్నె, 70 తులాల ప్రోక్షణపాత్ర, 10 తులాల బంగారు ధూపార్తి, ఆపైన పశువులు. రెండోరోజు ఇంకొకాయన, అవే. మూడోరోజు కూడా అవే. పన్నెండుసార్లూ పేరు మారుతుంది, జాబితా అక్షరం మారదు. 89 వచనాలు! ఏడాదిలో బైబిలు పూర్తిచేస్తామని జనవరిలో మొక్కుకున్నవాళ్లలో చాలామంది ఈ చుట్టుపక్కలే జారిపోతారు. ఉపసంఘం మాత్రం ఇందులో స్లైడ్‌షోను గుర్తించింది. రోజుకొక పేరు, అందరికీ సమానమైన సమయం.

కానీ అందరూ ఒకే కొలత ఇచ్చారన్నది మాకు మింగుడుపడలేదు. ఎవరూ ఎవరికంటే ఎక్కువ కాకపోతే ఇక తెర దేనికి? అందుకని నయస్సోను పద్ధతిలో స్లైడ్లు తీసుకున్నాం, సమానత్వం వదిలేశాం. వజ్రం, బంగారం, వెండి, కంచు అని నాలుగు అంతస్తులు పెట్టాం. అంతస్తును బట్టి అక్షరాల సైజు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలా అంతస్తులు పెట్టి పేర్లు వేసినచోట జనం సరిగ్గా ఆ అంతస్తు గుమ్మం దాకా ఇచ్చి ఆగిపోతారని అర్థశాస్త్రజ్ఞుడొకాయన పాతికేళ్ల కిందటే ఒక లా కాలేజీ పూర్వ విద్యార్థుల చందాల మీద లెక్కగట్టి చూపించారు. బంగారం మొదలయ్యే అంకె దగ్గర గుంపు కడతారు, దాని మీద అణా ఎక్కువ వెయ్యరు. మా దగ్గరా అదే జరిగింది. ఇదివరకు చేతికొచ్చినంత ఇచ్చి మర్చిపోయే ఒకాయన ఇప్పుడు కోశాధికారిని పక్కకు పిలిచి, ‘బంగారానికి ఎంతలో ఆగితే సరిపోతుందండీ’ అని అడిగారు. ఆయన ఇదివరకటి చందా దానికంటే ఎక్కువే. మిగిలింది వెనక్కి తీసుకున్నారు. ఇది తాత్కాలికమేనని ఉపసంఘం భావిస్తోంది.

విధవరాలి సంగతి రాక తప్పదు, ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎత్తారు కూడా. యెరూషలేము దేవాలయంలో పదమూడు కానుకపెట్టెలు ఉండేవని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. పైన సన్నగా, కింద వెడల్పుగా, బూర ఆకారంలో. ధనవంతులు చాలా చాలా వేస్తుంటే ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. అందరికంటే ఈమే ఎక్కువ వేసిందని యేసు అన్నాడు, వాళ్లు మిగిలినదాంట్లోంచి వేశారు, ఈమె ఉన్నదంతా వేసింది గనక. రెండు కాసులు మా కంచు అంతస్తుకు చాలవు. ఆ సైజు అక్షరం మా తెర మీద ఒక చుక్కలో సగం.

ఒక యువకుడు ఉత్సాహపడి ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఎంత ఇచ్చారన్నది కాకుండా రాబడిలో ఎన్నోవంతు ఇచ్చారన్నదాన్ని బట్టి అక్షరాలు పెంచుదామన్నాడు. సువార్త లెక్క కూడా అదేనన్నాడు. సాఫ్ట్‌వేర్‌కి అది కష్టమేమీ కాదట. సరేనని ఒక సాయంత్రం నమూనా వేసి చూశాం. చర్చి ఊడ్చే ఆవిడ తెర నిండా వచ్చింది. వజ్రాలు ఇద్దరూ కనిపించలేదు, కళ్లజోడు పెట్టుకుని వెతికితే కింద మూలలో దొరికారు. గది కాసేపు నిశ్శబ్దం. ప్రతిపాదన తెచ్చిన కుర్రాడే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. అతని తండ్రి వజ్రం.

చూస్తారన్న భయం ఉంటే జనం ఎక్కువిస్తారా అన్నది తేల్చడానికి నెదర్లాండ్స్‌లో 30 బాప్టిస్టు చర్చిల్లో నిజంగానే ఒక ప్రయోగం చేశారు. 2005లో ప్రచురించారు. కానుకలకు మూసిన సంచికి బదులు కొన్ని ఆదివారాలు తెరిచిన బుట్ట తిప్పారు, పక్కవాడికి కనబడేలా. చర్చి సొంత ఖర్చుల కానుక పెరగలేదు. బయటి ధర్మకార్యాలకు ఎత్తే రెండో కానుక మొదట్లో నూటికి పది దాకా పెరిగింది, రానురాను ఆ పెరుగుదలా కరిగిపోయింది. జనం చిల్లర నాణేలు మాని కాస్త పెద్దవి వేశారని కూడా తేలింది. ఈ ఫలితం మాకు నచ్చలేదు గనక లోపం బుట్టదేనని నిర్ణయించాం. బుట్ట ఒక్క క్షణం మాత్రమే చూస్తుంది. తెర ఏడాదంతా చూస్తుంది.

పేరు వద్దనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ యెరూషలేము దేవాలయంలోనే రహస్యాల గది అని ఒకటుండేదట. ఇచ్చేవాళ్లు గుట్టుగా వేసి వెళ్లేవాళ్లు, చితికిపోయిన మంచి కుటుంబాలవాళ్లు గుట్టుగా వచ్చి తీసుకునేవాళ్లు. ఇచ్చినవాడికి పుచ్చుకున్నదెవరో తెలియదు, పుచ్చుకున్నవాడికి ఇచ్చిందెవరో తెలియదు. ఇలాంటి గదికి ఈరోజుల్లో ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. మేం మర్యాదగా ఇంకో ఏర్పాటు చేశాం. ‘పేరు వెల్లడించడానికి ఇష్టపడని దాత’ అని వజ్రం వరసలో అన్నింటికన్నా పైన వేశాం. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక జనమంతా దాని ముందే నిలబడి అదెవరో తేల్చుకున్నారు. పన్నెండు గంటలకల్లా తేలిపోయింది. ఆయన మర్నాడు ఫోన్ చేసి, అందరికీ తెలిసిపోయింది గనక పేరు వేసెయ్యమన్నారు. ఇంటిపేరుతో సహా.

ఇక ఆ రెండో మీట. ఉదారతకు గడువు లేకపోతే ఎలా? ఒకసారి ఇచ్చి ఇరవయ్యేళ్లు గోడ మీద కూర్చోవడం రాతియుగం పద్ధతి. అందుకని పన్నెండు నెలల్లో మళ్లీ ఇవ్వకపోతే పేరు దానంతటదే దిగిపోయేలా పెట్టాం. హఠాత్తుగా దింపడం బాగుండదని పదో నెల నుంచి అక్షరాలు మెల్లగా మసకబారేలా చేశాం. ఈ సౌకర్యం చాలా బాగా పనిచేసింది. ఒక కుటుంబం పేరు మసకబారడం మొదలైన వారానికే సంఘమంతటికీ తెలిసింది, ఆ ఇంటాయనకు ఉద్యోగం పోయిందని. అప్పటిదాకా వాళ్ల పిల్లలకు కూడా చెప్పలేదట. పరామర్శకు వెళ్లిన ఇద్దరు ముగ్గురు, ‘పర్వాలేదు, ఇంకా కనబడుతూనే ఉంది లెండి’ అని ధైర్యం చెప్పి వచ్చారు. తర్వాతి ఆదివారం నుంచి ఆ కుటుంబం వెనక గుమ్మంలోంచి వచ్చి వెళ్తోంది. తెర ముందు గుమ్మం దగ్గరుంది మరి. వెనక గుమ్మానికి కూడా ఒకటి పెట్టే విషయం పరిశీలిస్తున్నాం.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట దొరకలేదు. అమ్మినవాళ్లను అడిగితే అలాంటిది ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. నిర్గమకాండంలో దేవుని ఆరాధన గుడారం కట్టడానికి జనం పొద్దుటే పొద్దుటే కానుకలు మోసుకొస్తుంటే పనివాళ్లు మోషే దగ్గరికి వెళ్లి, కావలసినదానికంటే ఎక్కువైపోయిందని మొర పెట్టుకున్నారు. ఇక ఎవరూ ఏమీ తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. మా అనుభవంలో ఇలాంటి చాటింపు ఎక్కడా వినలేదు గనక ‘చాలు’ మీట లేకపోవడం వల్ల ఇబ్బందేమీ రాదు. ఆ గుడారం దాతల్లో చాలామంది పేర్లు ఎక్కడా రాయలేదు. అక్కడి గంగాళం చెయ్యడానికి తమ లోహపు అద్దాలిచ్చిన స్త్రీలున్నారు. అద్దాలు ఇచ్చేశారంటే చూసుకోవడమే మానేశారన్నమాట. వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. మోషేకి అన్నీ ఉన్నా ఉపసంఘం లేదు.

ఇస్తామని మాటిచ్చినవాళ్ల పేర్లు కూడా వేద్దామా అన్న చర్చ అననీయ, సప్పీరా ప్రస్తావన రాగానే వాయిదా పడింది. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం ఇచ్చామని చెప్పినందుకు వాళ్లిద్దరూ అపొస్తలుల కాళ్ల దగ్గరే ప్రాణాలు విడిచారు. ఇంత గట్టి రికవరీ విధానం మా బైలాస్‌లో లేదు.

మిగిలింది తెర ఖరీదు, అదింకా బాకీనే. సంఘం ఖాతాలో అంత లేదు. నాలుగు వారాలు ప్రకటన చేశాక సంఘంలోనే ఒకాయన మొత్తం తానే పెట్టుకుంటానని ముందుకొచ్చారు. ఉపసంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మీ పేరు ప్రతి అరనిమిషానికీ ఒకసారి తెర నిండా వచ్చేలా ఏర్పాటు చేస్తామని చెప్పాం. ఆయన చెయ్యి అడ్డంపెట్టారు.

‘తెర మీద వద్దండీ, అది మారిపోతుంటుంది కదా. కింద ఒక రాయి వేయించండి.’

రాయి తెప్పించాం. చెక్కే మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు. పాత ఫలకం వైపు ఒకసారి చూసి, ఈసారి పేరు వొత్తులతో సహా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇమ్మన్నాడు.