‘ఆజ్ఞా’ అంటే ఆర్డర్ కాదండీ

విదేశీ క్లయింట్లకు మనవాళ్ళు ‘కాదు’ అని తిన్నగా చెప్పలేరు, అది మన సంస్కృతిలోనే ఉంది అని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా.

మా ఆవిడది రాజమండ్రి. కాపురానికొచ్చిన కొత్తలో కిరాణా కొట్టతను మాటమాటకీ ‘ఆజ్ఞా, ఆజ్ఞా’ అంటుంటే, నేనేం ఆజ్ఞాపించాలి బాబూ అని కంగారుపడిపోయింది. ఒడియాలో అది మన ‘అండీ’, ‘చిత్తం’ లాంటిది. వెళ్తూ వెళ్తూ వాళ్ళు ‘ఆసుఛి’ అంటారు, ‘వస్తున్నా’ అని. అది మాత్రం వెంటనే పట్టేసింది. మనమూ ‘వెళ్ళొస్తా’ననేగా అంటాం!

మాటకి అర్థం ఒకటి, వాడుక ఇంకొకటి అన్న ఈ చిక్కే మా అబ్బాయికీ వచ్చింది. వాడు ఇంటి నుంచే జర్మనీ టీముతో పనిచేస్తాడు. శుక్రవారానికి అయిపోతుందా అనడిగితే ‘ట్రై చేస్తా’ అన్నాట్ట. వాళ్ళు అయిపోతుందనే రాసేసుకున్నారు. మన చెవికైతే అది ‘కాదు’ అన్నట్టే లెక్క. తప్పు మావాడిదేనంటాను, పాపం వాళ్ళకేం తెలుసు? ఇప్పుడు తేదీ వేసి మరీ మెయిల్ పెడుతున్నాడు. కరెంటు బిల్లు కట్టమంటే మాత్రం నాకింకా ‘చూస్తాలే నాన్నా’ అనే జవాబు.