చేయి ఆడించి చూడడమే కంటి పరీక్షా?

ఈ ఉదయం విజయవాడలో ఒక ప్రైవేటు పశువైద్యశాలలో, నా ఒళ్లో ఉన్న కుక్కపిల్ల ముఖం ముందు వైద్యుడు రెండుసార్లు చేయి ఆడించి, అది రెప్ప వేయకపోవడం చూసి, ‘‘ఇది గుడ్డిదమ్మా, వీధికుక్కే కదా, తెచ్చిన చోటే వదిలేసి రండి’’ అన్నారు. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. కంట్లోకి లైటు వేసి చూడలేదు, అతుక్కుపోయిన పుసులు తుడవలేదు, పిల్ల వయసెంత ఉంటుందని కూడా అడగలేదు. రాత్రి అయినా నా కోపం తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు.

ఈ పిల్ల నాలుగు రోజుల క్రితం వానలో బందరు కాలువ గట్టున, కొబ్బరిబోండాల బండి కింద ముడుచుకొని దొరికింది. చుట్టుపక్కల ఎంత వెతికినా తల్లి గాని, తోడబుట్టినవి గాని కనిపించలేదు. పళ్లను బట్టి చూస్తే రెండు నెలలకు మించి ఉండదు. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయి నీరు కారుతోంది, ఎడమకంటి నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి పొర ఉంది, చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. అన్నం గిన్నె పెడితే వాసన పట్టి నేరుగా వచ్చింది గాని, దారిలో ఉన్న పీటను చూసుకోలేక గుద్దుకుంది. ఇవన్నీ చెప్పాలని కాగితం మీద రాసుకొని మరీ వెళ్లాను. ఆ కాగితం మడత విప్పే అవసరమే రాలేదు.

చేయి ఆడించే ఆ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్కదాని మీద ఆధారపడి ఎన్ని పిల్లలను రోడ్డు మీదికి తిరిగి పంపిస్తున్నారో తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. కుక్కపిల్లలు కళ్లు మూసుకొనే పుడతాయి, సుమారు 10 నుంచి 14 రోజులకు తెరుస్తాయి, ఆ తర్వాత కూడా కొన్ని వారాల పాటు చూపు కుదురుకుంటూనే ఉంటుంది. మీదికి వస్తున్న చేతిని చూసి రెప్ప వేయడం పుట్టుకతో వచ్చే గుణం కాదు, అది అనుభవంతో నేర్చుకొనేది, 10 నుంచి 12 వారాల వయసు వచ్చే దాకా మంచి చూపున్న పిల్లల్లోనూ అది కనిపించకపోవచ్చు. మరోవైపు చేయి గట్టిగా ఊపితే ఆ గాలి తగిలి నిజంగా చూపు లేని కుక్క కూడా రెప్ప వేస్తుంది. అటు చూసినా ఇటు చూసినా రెండు నెలల పిల్ల విషయంలో ఆ పరీక్ష ఏమీ తేల్చదు. ఇది పశువైద్యం చదివినవారికి తెలియని సంగతి కాదు.

మధ్యాహ్నం మరో వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె గది తలుపు మూసి, చప్పుడు కాకుండా పిల్ల ముందు ఒక దూది ఉండను పై నుంచి జారవిడిచారు. పిల్ల తల కిందికి తిరిగింది. మళ్లీ విడిస్తే మళ్లీ తిరిగింది. గుడ్డిదని ఉదయం తీర్పు చెప్పిన ఆ పిల్లే, ఎడమకంటితో దూదిని వెంబడించింది! ఆ తర్వాత ఆమె లైటు వేసి కంటిపాప ముడుచుకుంటున్నదో లేదో చూశారు, రెప్ప అంచున సన్నని కాగితపు పట్టీ పెట్టి కన్నీరు ఎంత ఊరుతున్నదో కొలిచారు, ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు పట్టీని తడిపి కుడికంటికి తాకించి నీలి వెలుగులో చూశారు. నల్లగుడ్డు మీద వడ్లగింజంత మేర ఆకుపచ్చగా మెరిసింది. అది పుండు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం కంటి లోపల వాపును, రక్తస్రావాన్ని తెచ్చి చూపు పోగొట్టగలదు కనుక, కుక్కలకు సోకే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కూడా కళ్లను దెబ్బతీస్తుంది కనుక, రెండింటికీ నమూనాలు తీసుకున్నారు. మొత్తం 20 నిమిషాలు పట్టింది. ఇందులో లక్షలు పోసి కొనాల్సిన యంత్రం ఏదీ లేదు.

నా కోపానికి ఇంకో మూలం ఉంది, దాన్ని దాచలేను. మూడేళ్ల క్రితం మా వీధిలో చెవి మీద తెల్లమచ్చ ఉన్న ఒక కుక్కపిల్ల ఇలాగే ఒక కన్ను మూసుకొని తిరిగేది. మందుల షాపులో అడిగితే, కంటి ఎర్రదనానికి అందరికీ ఇచ్చే చుక్కలంటూ ఒక సీసా ఇచ్చారు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉందని నాకు తెలియదు. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్కలు పడితే పుండు మానదు సరికదా, ఇంకా లోతుకు పోయి గుడ్డు చిల్లుపడే ప్రమాదం ఉంది. ఆ చుక్కలు వేసింది నేనే, రోజుకు మూడుసార్లు, ప్రేమగా. అయిదో రోజున ఆ కన్ను చితికిపోయింది. మా అమ్మమ్మగారి ఊళ్లో గేదె కంట్లో పువ్వు వేస్తే ఉప్పు నమిలి ఊయడం నేను చిన్నప్పుడు చూశాను, అది మొరటు వైద్యమని పెద్దయ్యాక అనుకున్నాను. పరీక్ష చేయకుండా వేసిన ఆ చుక్కలు దానికంటే ఏ విధంగా మేలు?

మన నేలకు కంటి వైద్యంలో చిన్న పేరు లేదు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు ఎక్కడెక్కడి నుంచో మనుషులు చూపు కోసం వస్తారు. గన్నవరంలో, తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో కళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. పాడిపశువుల కోసం 1962 నంబరుకు ఫోన్ చేస్తే వాహనం పల్లెకు వస్తుంది, అది రావలసిందే, దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చదువు ఉంది, పనిముట్లు ఉన్నాయి. వీధిలో పుట్టిన పిల్ల బల్ల మీదికి వచ్చేసరికి మాత్రం ఆ చదువును బయటికి తీయడానికి మనసు రావడం లేదు.

ఉదయం బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ‘‘ఎందుకమ్మా దానికి నరకం, ఒక ఇంజెక్షన్ ఇప్పించేస్తే పుణ్యం’’ అన్నారు. ఆయనది చెడ్డ మనసు కాదు, నాకు తెలుసు. కానీ 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు అటువంటి మరణం నయం కాని జబ్బు, ప్రాణాంతకమైన గాయం ఉన్నప్పుడే, అదీ నియమిత బృందం నిర్ధారించాకే ఇవ్వాలి. చూపు తగ్గడం ఆ రెండింటిలో దేని కిందికీ రాదు. కుక్క ముక్కుతో, చెవులతో సగం లోకాన్ని తెలుసుకుంటుంది, ఇంట్లో సామాను చోటు మార్చకుండా ఉంచితే చూపు లేని కుక్క కూడా వారాల్లోనే దారులు నేర్చుకుంటుంది. అదే కుక్కను బందరు రోడ్డు మీద వదిలితే ఎన్ని గంటలు బతుకుతుంది?

కుడికంట మచ్చ మిగలవచ్చని, ఎడమకంటి పొర ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేనని వైద్యురాలు అన్నారు. పిల్ల మెడకు గరాటులాంటి పట్టీ కట్టి, పుండుకు యాంటీబయాటిక్ చుక్కలు నాలుగు గంటలకోసారి వేయమన్నారు. సోమవారం మళ్లీ చూపించాలి. ఆ రోజు దారిలో ముందు ఉదయపు వైద్యశాలకే వెళ్తాను. పరీక్షల కాగితాలు ఆ వైద్యుడి బల్ల మీద పెట్టి, ఆయన కళ్ల ముందే ఈ పిల్ల ఎదుట దూది ఉండను జారవిడుస్తాను.