‘విజయవంతం’ అని వస్తే గ్రూప్ పాలసీ బాగున్నట్టేనా?

సంస్థలోని కంప్యూటర్లకు, ఉద్యోగుల ఖాతాలకు సర్వర్ నుంచే సెట్టింగులు పంపే విండోస్ ఏర్పాటు గ్రూప్ పాలసీ. విండోస్ నెట్‌వర్కులు చూసుకునేవారి మధ్య దాని గురించి ఒక సలహా ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. ‘గ్రూప్ పాలసీ పని చేయడం లేదా? జీపీఅప్‌డేట్ ఫోర్స్ (gpupdate /force, పాలసీని వెంటనే మళ్లీ తెప్పించే కమాండ్) కొట్టండి. విజయవంతంగా పూర్తయిందని వస్తే పాలసీ బాగున్నట్టే. విడిగా పరీక్షించే సాధనాలు పెద్ద సంస్థలకే అవసరం.’ సపోర్టు ఉద్యోగంలో కొత్తగా చేరినవారు దీన్ని నమ్మి టికెట్ మూసేస్తారు. మర్నాడు అదే ఫిర్యాదు మళ్లీ వస్తే మాట పడేదీ వారే. అందుకే ఈ సలహాను ముక్క ముక్కగా విడదీసి చూడాలి.

‘విజయవంతంగా పూర్తయిందంటే పాలసీ అందినట్టే.’

కాదు. పోస్ట్‌మ్యాన్ వీధంతా తిరిగి వచ్చాడంటే మన ఉత్తరం మనకు చేరిందని అర్థం కాదు కదా. ఆ సందేశం చెప్పేది కూడా అంతే: కంప్యూటర్ తనకు వర్తిస్తాయనుకున్న పాలసీలను చదవడం ముగించింది. మీరు నిన్న తయారు చేసిన పాలసీ ఆ జాబితాలో ఉందో లేదో అది చెప్పదు. అనుమతుల వడపోతలో ఒక పాలసీ పక్కకు పోతే విండోస్ దృష్టిలో అది లోపమే కాదు.

2016 జూన్‌లో జరిగింది గుర్తుచేసుకుంటే చాలు. ఆ నెల మైక్రోసాఫ్ట్ ఎంఎస్16-072 అనే భద్రతా సవరణ విడుదల చేసింది. అంతవరకు యూజర్ పాలసీలను ఆ యూజర్ హక్కులతోనే తెచ్చుకునే విండోస్, అప్పటినుంచి కంప్యూటర్ ఖాతా హక్కులతో తెచ్చుకోవడం మొదలుపెట్టింది. చాలాచోట్ల అడ్మిన్లు అప్పటికే పాలసీ అనుమతుల్లోంచి ‘ఆథెంటికేటెడ్ యూజర్స్’ను (గుర్తింపు పొందిన యూజర్, కంప్యూటర్ ఖాతాలన్నీ వచ్చే గ్రూపును) తీసేసి, తమకు కావలసిన ఉద్యోగుల గ్రూపును మాత్రమే ఉంచారు. దాంతో ఆ పాలసీని చదివే హక్కు కంప్యూటర్‌కు లేకుండా పోయింది. డ్రైవ్ మ్యాపింగులు (నెట్‌వర్క్ ఫోల్డర్లకు దారులు), ప్రింటర్లు ఉన్నట్టుండి మాయమయ్యాయి. ఎన్నిసార్లు ఫోర్స్ కొట్టినా అవి తిరిగి రావు. పాలసీ డెలిగేషన్ ట్యాబులో ‘ఆథెంటికేటెడ్ యూజర్స్’కు గానీ ‘డొమైన్ కంప్యూటర్స్’కు గానీ చదివే అనుమతి ఇస్తేనే వస్తాయి. ఈ చిక్కు ఇప్పటికీ కొత్తగా పాలసీలు రాసేవారికి ఎదురవుతూనే ఉంటుంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. జీపీఅప్‌డేట్ లోపం చూపిస్తే ఆ మాట పట్టించుకోవలసిందే. దాని విజయ ప్రకటననే నమ్మలేం.

‘ఫోర్స్ పెడితే తాజా పాలసీ దిగుతుంది.’

ఫోర్స్ చేసేది ఒక్కటే: మారినవాటితో పాటు మారని సెట్టింగులను కూడా మళ్లీ వర్తింపజేస్తుంది. తాజాదనం మాత్రం ఆ క్షణంలో కంప్యూటర్ ఏ డొమైన్ కంట్రోలర్‌తో (పాలసీలు అందించే సర్వర్‌తో) మాట్లాడుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ కార్యాలయంలో పాలసీ మార్చారనుకుందాం. వేరే సైటుగా ఉన్న విశాఖ శాఖలోని సర్వర్‌కు యాక్టివ్ డైరెక్టరీ (సంస్థ ఖాతాలు, కంప్యూటర్ల వివరాలుండే డేటాబేస్) మార్పులు చేరడానికి సైట్ల మధ్య సహజంగా ఉండే వ్యవధి 180 నిమిషాలు. విశాఖలో కూర్చుని ఎంత ఫోర్స్ చేసినా పాతదే వస్తుంది.

పైగా ప్రతి పాలసీకి రెండు భాగాలుంటాయి: ఒకటి యాక్టివ్ డైరెక్టరీలో, ఇంకొకటి కంట్రోలర్లన్నిటిలో ఉండే సిస్‌వాల్ అనే ఫోల్డరులో. రెండూ వేర్వేరు దారుల్లో ప్రయాణిస్తాయి కాబట్టి ఒకటి చేరి ఇంకొకటి ఆగిపోవచ్చు. సిస్‌వాల్‌లో ఆ పాలసీ ఫోల్డరు తెరిచి జీపీటీ.ఐఎన్ఐ (GPT.INI) ఫైలు చూడండి. వెర్షన్ 65539 అని ఉంటే కంగారు అక్కర్లేదు. 65536తో భాగిస్తే వచ్చే 1 యూజర్ వైపు మార్పుల సంఖ్య, మిగిలే 3 కంప్యూటర్ వైపుది. డైరెక్టరీలో ఉన్న అంకెతో ఇది సరిపోకపోతే లోపం సర్వర్ల మధ్యే ఉందని, పాపం ఆ ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో కాదని తెలిసిపోతుంది.

‘గంటకోసారి అన్ని యంత్రాల్లో ఫోర్స్ నడిచేలా పెడితే సరి.’

అనవసరం. విండోస్ తనంతట తానే 90 నిమిషాలకోసారి, దానికి అరగంటలోపు ఎంతో కొంత కలుపుకుని పాలసీని సరిచూసుకుంటుంది. అన్ని యంత్రాలూ ఒకేసారి సర్వర్ మీద పడకుండా చేసిన ఏర్పాటు అది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్, ఫోల్డర్ దారి మళ్లింపు వంటివైతే రీస్టార్టో మళ్లీ లాగిన్ కావడమో జరిగితే తప్ప ఎలాగూ పని చేయవు.

‘పరీక్షా సాధనాలు పెద్ద సంస్థలకే.’

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. సాధనం విండోస్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. అడ్మిన్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జీపీరిజల్ట్‌ను స్లాష్ హెచ్ జోడించి (gpresult /h), ఫైలు పేరుతో నడిపి చూడండి. బ్రౌజర్‌లో తెరుచుకునే నివేదిక వస్తుంది. అడ్మిన్ హక్కులు లేకుండా నడిపితే కంప్యూటర్ భాగం రాదు; చాలామంది ఇక్కడే సాధనం పనికిరాదని వదిలేస్తారు. నివేదికలో వర్తించిన పాలసీలు ఒకచోట, వర్తించనివి కారణంతో సహా ఇంకోచోట కనిపిస్తాయి: అనుమతి లేదు, పాలసీ ఖాళీగా ఉంది, డబ్ల్యూఎంఐ వడపోత (యంత్రం లక్షణాలను బట్టి చేసే ఎంపిక) కాదంది. ప్రతి పాలసీ పక్కన డైరెక్టరీ వెర్షన్, సిస్‌వాల్ వెర్షన్ కూడా ఉంటాయి. అయితే ఇది గతసారి ప్రాసెసింగులో నమోదైన ఫలితమని మరిచిపోకూడదు. సర్వర్ల మధ్య పరిస్థితి తెలియాలంటే, విండోస్ సర్వర్ 2012 నుంచి గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో స్టేటస్ ట్యాబు ఉంది. ఒక కంట్రోలర్‌ను ప్రమాణంగా తీసుకుని మిగతావి దానితో సరిపోతున్నాయో లేదో చూపుతుంది.

ఈ నివేదికలన్నీ సవ్యంగా ఉన్నా పట్టుకోలేని జబ్బు ఒకటుంది. ఒకప్పుడు గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సుల్లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు పెట్టుకునే వీలుండేది. అది సిస్‌వాల్‌లోని ఎక్స్ఎంఎల్ ఫైలులో దాగేది, దాన్ని విప్పే తాళంచెవిని మైక్రోసాఫ్టే బహిరంగంగా ప్రచురించింది. 2014 మేలో వచ్చిన ఎంఎస్14-025 సవరణ కొత్తగా అలా పెట్టకుండా ఆపింది, పాతవాటిని మాత్రం తొలగించలేదు. డొమైన్‌లో ఖాతా ఉన్న ఎవరైనా ఆ ఫోల్డరు చదవగలరు. కాబట్టి సిస్‌వాల్ అంతటా ‘సీపాస్‌వర్డ్’ (cpassword) అనే పదం కోసం ఈరోజే వెతకండి. దొరికిన పాలసీల్లోంచి ఆ సెట్టింగు తీసేసి, ఆ పాస్‌వర్డు ఎక్కడెక్కడ వాడారో అక్కడల్లా మార్చండి.