పన్ను కట్టిన మనిషికి వడ్డీ ఎందుకు?

మా చిన్నమ్మది మున్సిపాలిటీలో రెండు గదుల ఇల్లు, పైన ఒక రేకుల షెడ్డు. ఇంటి పన్ను ఏడాదికి 4,800. ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గుతుందని ఏటా ఆ నెలలోనే మీసేవకు పోయి కట్టి, రసీదును బియ్యం డబ్బా మీది సంచిలో దాస్తుంది. ఆరేళ్ల రసీదులూ ఉన్నాయి. నేనే లెక్కపెట్టాను.

చిన్నాయన పోయాక ఇల్లు తన పేరు మీదకు మార్పించుకుందామని ఆఫీసుకు పోతే బకాయి ఉందన్నారు. సర్వేలో షెడ్డు కొలిచినప్పుడు అదే ఇంటికి ఇంకో అసెస్‌మెంట్ నంబరు (ఏ ఇంటి పన్ను ఏదో గుర్తుపట్టే నంబరు) ఇచ్చారట. పాత నంబరు తీసేయలేదు, కొత్త నంబరు సంగతి ఎవరూ చెప్పలేదు, నోటీసూ రాలేదు. చిన్నమ్మ కట్టిన డబ్బంతా పాత నంబరులో జమ అవుతుంటే, కొత్త నంబరు మీద ఆరేళ్ల బకాయి పెరుగుతూ వచ్చింది.

నాలుగు నెలలు తిరిగితే తప్పు ఒప్పుకున్నారు. బకాయిలో అసలు 28,800 సర్దుబాటు చేశారు. వడ్డీ 19,008 మాత్రం అలాగే ఉంచారు. అది కంప్యూటర్ వేసిందట, తీసే అధికారం తమకు లేదట.

ఇంటి పన్ను బకాయి మీద వేసే వడ్డీ నెలకు 2 శాతం. అది ఎంత పెద్ద వడ్డీయో చాలామందికి తెలియదు. ఏడాదికి 24. బ్యాంకులో ఇంటి అప్పుకు ఇందులో సగం కూడా ఉండదు. కట్టాల్సిన పన్ను 50 నెలలు ఆగితే వడ్డీ అసలుతో సమానమవుతుంది. ఎగ్గొట్టేవాళ్లకు భయం ఉండాలి కదా, అందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ చిన్నమ్మ డబ్బు ఆరేళ్లుగా మున్సిపాలిటీ ఖాతాలోనే ఉంది. తమ దగ్గరే ఉన్న డబ్బు రాలేదని వడ్డీ ఎట్లా వేస్తారు?

మా వార్డు కౌన్సిలర్ మంచి మనిషి. చిన్నమ్మ దరఖాస్తును కౌన్సిల్ ఎజెండాలో పెట్టించాడు. నేనూ పోయి కూర్చున్నాను. పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. "ఒకరికి మాఫీ చేస్తే రేపు ఊరంతా వస్తది" అని ఒకాయన అన్నాడు, చాలామంది తలలూపారు. వచ్చే మీటింగుకు వాయిదా.

ఆ మాట దగ్గరే నాకు కడుపు మండింది. ఊరంతటికీ మాఫీ చేయడం మన తెలంగాణలో కొత్తేమీ కాదు. 2020లో వన్ టైమ్ స్కీమ్ అని పెట్టి, పాత బకాయి అసలంతా ఒకేసారి కడితే వడ్డీలో 90 శాతం వదిలేశారు. హైదరాబాద్‌లో 2022లోనూ, 2024లోనూ, 2025లోనూ అదే 90 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో సగం వడ్డీ తీసేశారు. ఎందుకు కట్టలేదని ఎవరినీ అడగలేదు. కట్టలేక ఆగినవాళ్లకూ, స్కీమ్ వస్తుందిలే అని ఆగినవాళ్లకూ ఒకటే లెక్క. ఖజానాకు డబ్బు కావలసినప్పుడు అందరికీ తెరిచే తలుపు, ఆఫీసు తప్పుకు బలైన ఒక్క మనిషి వచ్చి తడితే తెరవరా? తప్పు ఎవరిదో చూసి వడ్డీ తీసేసే అధికారం స్థానికంగా ఉండాలి. రసీదులు చూడాలి, రికార్డు చూడాలి, నెలలోగా తేల్చాలి. ఆ అధికారం నిజంగానే లేకపోతే, మాకు ఇవ్వండని కౌన్సిల్ తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి. అంతమంది సభ్యుల్లో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

బయటికొచ్చాక బిల్ కలెక్టర్ పాపం మంచికే సలహా చెప్పాడు. "జర ఆగమ్మా, మార్చిలో మళ్లా స్కీమ్ వస్తదేమో, 1,900 కడితే అయిపోతది."

చిన్నమ్మ ఒప్పుకోలేదు. "ఎగ్గొట్టినోళ్లకు ఇచ్చే మాఫీ నాకెందుకు సారూ? నేను బాకీ ఉన్ననని రాసిండ్రు, ఆ రాత కొట్టేయండి" అంది. 1,900 కడితే బకాయి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె బాధ. నాకూ అదే న్యాయమనిపించింది. ఈలోగా పేరు మార్పు ఆగిపోయింది. ఇంటి కాగితాల మీద ఇంకా చనిపోయిన మనిషి పేరే ఉంది.

మా వార్డులో ఇట్లా ఒకే ఇంటికి రెండు నంబర్లు పడ్డవాళ్లు ఇంకా ఇద్దరున్నారని నిన్ననే తెలిసింది. మీ ఇంటి పన్ను రసీదు మీది నంబరు, ఆఫీసు రికార్డులో నంబరు ఒకటేనో కాదో ఈ వారంలోనే చూసుకోండి. తేడా ఉంటే రసీదులన్నీ జిరాక్స్ తీయించి నాకు మెసేజ్ పెట్టండి. వచ్చే కౌన్సిల్ మీటింగుకు చిన్నమ్మ సంచీతో పాటు అవి కూడా పట్టుకుని పోతాం.