సవరణ: జూలియా బ్యులెట్ సిరిసంపదల గురించి

అమెరికాలోని నెవాడా గనుల పట్టణం వర్జీనియా సిటీపై క్రితంసారి రాసిన వ్యాసంలో, అక్కడ వేశ్యావృత్తిలో జీవించిన జూలియా బ్యులెట్ రాజభవనం లాంటి ఇంట్లో ఉండేదనీ, గొప్ప ధనవంతురాలిగా మరణించిందనీ పేర్కొన్నాను. ఈ రెండు మాటలూ తప్పు. ఆమె పోయిన చాలా కాలానికి అల్లిన కథలను సరిచూసుకోకుండా చరిత్రగా రాసినందుకు పాఠకులను క్షమాపణ కోరుతున్నాను.

1859లో కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడిన తరువాత కొండవాలున వెలసిన ఆ ఊరిలో, డి వీధిలో ఆమె అద్దెకున్నది చిన్న ఇల్లు. ఇతర స్త్రీలను పెట్టుకుని వ్యాపారం నడిపిన యజమానురాలు కాదు, ఒంటరిగా బతుకు వెళ్ళదీసుకున్న మనిషి. 1867 జనవరి 20న, ఉదయం ఫలహారానికి పిలవడానికి వచ్చిన పొరుగింటి స్నేహితురాలికి ఆమె శవమై కనిపించింది. హంతకుడు ఆమె నగలూ బట్టలూ దోచుకుపోయాడు. ఆమె ఆస్తిని అమ్మగా వచ్చిన సొమ్ము అప్పులు తీర్చడానికే చాలలేదు. ఆమెను మహారాణిగా చూపించే కథ వినసొంపుగా ఉంటుంది గానీ, అప్పుల మధ్య, రక్షణ లేకుండా సాగిన ఆ బతుకును అది కప్పిపుచ్చుతుందన్నదే నా బాధ.

అగ్నిమాపక దళం ఆమెను గౌరవ సభ్యురాలిగా చేర్చుకున్నదనీ, అంత్యక్రియలకు ఊరేగింపుగా కదిలిందనీ రాసినవి నిజాలే. హత్యానేరం రుజువైన జాన్ మిలెయిన్‌ను ఉరితీసిన తేదీ 1868 ఏప్రిల్ 24. వ్యాసంలో 1867 అని పడింది.