ఫోన్ వచ్చింది, రిజిస్టరు పోలేదు

పత్తికొండ మార్కెట్‌కు టమోటా తెచ్చే రైతు ఇప్పుడు బాక్సులు బండికెత్తే ముందే ఫోన్ చూస్తున్నాడు. నిన్నటి రేటెంతో వాట్సాప్‌లో ఉంటుంది. కర్నూలులో మండీ గుమాస్తా ఉల్లిగడ్డల తక్‌పట్టీ (తూకం, రేటు లెక్క చీటీ) రాసి, ఫొటో తీసి రైతుకు పంపితే, బండి ఊరు చేరకముందే లెక్క ఇంటికి చేరుతుంది. ఇందుకోసం ఎవరూ సర్క్యులర్ ఇవ్వలేదు, ట్రైనింగ్ పెట్టలేదు. పని తేలికైంది, అందరూ అలవాటుపడ్డారు.

ఆఫీసు యాప్ అనేసరికి మాత్రం ముఖాలు మాడుతున్నాయి. మనవాళ్లకు టెక్నాలజీ రాదని సమీక్ష సమావేశాల్లో తేల్చేయడం సులువే కానీ, ఆ మాట మేం ఒప్పుకోం. యాప్ అంటే విసుక్కునే ఉద్యోగే సాయంత్రానికి చీటీ డబ్బులు ఫోన్‌లోనే వేస్తోంది, మనవడితో వీడియో కాల్ మాట్లాడుతోంది.

అంగన్‌వాడీల సంగతే చూడండి. 2021 మార్చిలో కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్ వచ్చినప్పుడు, అప్పటిదాకా మోసిన 11 రిజిస్టర్ల బరువు దిగుతుందని అనుకున్నారు. ఒకే బిడ్డ బరువు కేంద్రం యాప్‌లో ఒకసారి, రాష్ట్రం యాప్‌లో ఇంకోసారి, చివరికి పుస్తకంలో మరోసారి ఎక్కించాల్సి వస్తోందని సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. అనంతపురం పల్లెల్లో దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఇంటికిచ్చే రేషన్ కోసం తల్లి ముఖం ఫోన్‌లో సరిపోవాలి. అంతకన్నా ముందు ఆధార్ ఓటీపీ కావాలి. ఆధార్‌కు ఇచ్చిన నంబరేమో భర్తది, ఆయనేమో బెంగుళూరులో బేల్దారి పనిలో ఉంటాడు. “ఓటీపీ వచ్చింటాది, చూసి చెప్పు” అని ఈమె ఇక్కడి నుంచి అడుగుతుంది. అక్కడ ఆయన చేతుల నిండా సిమెంటు. కడుక్కుని చూసేసరికి గడువు దాటిపోతుంది. మళ్లీ మొదటికి. చంకలో బిడ్డ ఏడుస్తుంటుంది, వెనక ఇంకో నలుగురు తల్లులు నిలబడి ఉంటారు. ఆ అంగన్‌వాడీ టీచరుకు ఫోన్ మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

ఉపాధి హామీకి 2006 ఫిబ్రవరి 2న శ్రీకారం చుట్టింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకంలో 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లు ఆగాలన్న ఉద్దేశాన్ని మేం తప్పుపట్టం. కానీ గట్టెక్కినా సిగ్నల్ దొరక్క ఫొటో వెళ్లకపోతే కోతపడేది పలుగు పట్టిన మనిషి కూలికే. బడుల్లోనూ ఇదే తంతు. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్‌ను పంతుళ్లను సొంత ఫోన్లలో వేసుకోమన్నప్పుడు, పరికరాలు మీరే ఇవ్వండని ఉపాధ్యాయ సంఘాలు పట్టుబట్టాయి. అది మొండితనమని అప్పట్లో కొందరన్నారు. సుద్దముక్కలు కూడా జీతంలోంచి కొనుక్కోమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ప్రైవేటు యజమానులు తక్కువేం కాదు. ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ కుర్రాడి ఫోన్ అతనిదే, రీచార్జీ అతనిదే, లోకేషన్ మాత్రం ఆదివారం కూడా మేనేజరుకు కనబడుతూ ఉండాలి. రాత్రి పదిన్నరకు గ్రూపులో ‘రేపటి టార్గెట్’ అని పడుతుంది. రెండు నీలం టిక్కులు వచ్చాక జవాబివ్వకపోతే అదో టెన్షన్. పనివేళలు దాటాక ఆఫీసు మెసేజీలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంగా అమల్లోకి తెచ్చాయి. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. ఏడు తర్వాత గ్రూపులో ఏమీ పెట్టనని మేనేజరు ఒక్క మాట అంటే సగం గొడవ తీరుతుంది.

ఫోన్లో పని చేయించుకునే సంస్థ రీచార్జీ డబ్బులు జీతంతో పాటే వేయాలి. మూణ్నెల్లకోసారి బిల్లులు పెట్టుకోమని తిప్పడం కాదు. కొత్త యాప్ తెచ్చే అధికారి దాన్ని జిల్లా అంతా రుద్దే ముందు వారం రోజులు ఏదైనా మారుమూల కేంద్రంలో కూర్చుని, తన చేత్తో వివరాలు ఎక్కించి చూడాలి. ఎక్కడ ఆగిపోతుందో, ఏ గడి అనవసరమో అమరావతి ఏసీ గదిలో కన్నా అక్కడ బాగా తెలుస్తుంది. సిగ్నల్ లేనిచోట హాజరు పడకపోతే కూలీకి కోత పెట్టకుండా, మరుసటి రోజు సరిచేసే వీలుండాలి.

అన్నిటికన్నా ముందు జిల్లా అధికారులను మేం అడిగేది ఒక్కటే. వచ్చే నెల సమీక్షలో ఎన్ని ఎంట్రీలు పడ్డాయని అడిగే చోట, ఎన్ని పుస్తకాలు ఎత్తేశారని అడగండి. కనీసం ఒకటి ఎత్తేయండి. ఏది ఎత్తేయాలో అంగన్‌వాడీ టీచర్లను అడిగితే నిమిషంలో చెబుతారు.